నాలుగు సీసాలు

గుణుపురం బస్టాండు పక్కన
మూడు భాషల బోర్డు కింద నా కొట్టు.
తెలుగులో దీర్ఘం రాలిపోయి 'జిరక్స్' అయింది,
ఒడియా గుండ్రాలు వానకి ఉబ్బాయి.
ఇంగ్లీషుని ఎవరూ చదవరు, అందరూ నమ్ముతారు.

నాలుగు సీసాల సిరాతో బతుకుతాను:
నలుపు, నీలం, గులాబి, పసుపు.
పోయినేడు పసుపే ముందు ఖాళీ అయ్యేది
వెల్నా జుట్టుకి.

వెల్నా అంటే మీకు తెలీకపోవచ్చు.
నాకూ తెలీదు, పిల్లలు చెప్పేదాకా.
చుక్కల మధ్య ఓడ నడిపే మనిషట.
ఎనిమిది పుస్తకాలు
హాస్టల్లో మంచం నుంచి మంచానికి తిరిగి అట్టలూడాయి.
అట్ట మీద ఆవిడకి
వంశధారలో నేనెన్నడూ చూడనంత నీలం కళ్ళు.

ఆషాఢంలో ఓ మధ్యాహ్నం
ఎరువుల సంచిలో చుట్టిన కాగితం పట్టుకొచ్చింది
తొమ్మిదో తరగతి సొంబారి గొమాంగో.
"అపా, రంగుల్లో ఒకటి. పెద్దది."

అద్దం మీద బోర్లా వెయ్యబోయి ఆగాను.
వెల్నాయే. అదే చొక్కా,
మెళ్ళో అదే ఓడ తాళం.
ముఖం మాత్రం
మంగళవారం సంతలో నా ఎదర కూర్చుని
చింతపండు తూచే వాళ్ళమ్మది.
చెవితమ్మెల్లో చెక్క బిళ్ళలు,
గడ్డం మీద పచ్చబొట్టు గీత,
వెనక ఓడ గోడంతా
నిచ్చెనలెక్కుతున్న పుల్లల మనుషులు.

"ఏటే, పేరు మార్చలేదేం?"
"ఎందుకు మారుస్తాను? తనే కదా."

తర్వాత వరస కట్టారు.
ఫరీదా బొమ్మలో శిరస్త్రాణం కింద రుమాలు.
మాధురి పాఢి
తన బుగ్గ మీది బొల్లి మచ్చని, అంచుతో సహా,
వెల్నా బుగ్గకి దించింది.
మెడ దగ్గర రంగు కాస్త చెదిరింది,
మళ్ళీ వేస్తానంది, వెయ్యలేదు.

ఇంజనీరింగు చదివే తపన్ పాణిగ్రాహి
జామర్కులు ప్రింటు తీసుకోడానికొచ్చి చూశాడు.
"ఇది ఆవిడ కాదు.
రాసినవాళ్ళు ఒకలా రాస్తే మీరెవరు?"
సొంబారి మొదటి పుస్తకం బల్ల మీద పెట్టింది.
"చూపించు."

రెండింటి నుంచి కరెంటు పోయేదాకా వెతికాడు.
కాలిన అరచెయ్యి దొరికింది.
ఎడమచేతి వాటం, నిద్రలో నవ్వే అలవాటు దొరికాయి.
మూడో పుస్తకంలో, ఫోను వెలుగులో,
ఒక్క మాట: గడ్డిరంగు జుట్టు.
గెలిచినట్టు వేలు ఆనించాడు.

పిల్ల ఆ వాక్యం రెండుసార్లు చదివింది.
"సరే. పుస్తకంలో అలాగే ఉండనీ,
నా కాగితంలో ఇలా ఉంటుంది."
అతను వెళ్ళిపోయాడు. గొడుగు మర్చిపోయాడు.
ఇంకా నా దగ్గరే ఉంది.

నేనేం మాట్లాడలేదు. ఎలా మాట్లాడతాను?
ఇరవయ్యేళ్ళుగా పెళ్ళిచూపుల ఫొటోలకి
తెలుపు పెంచి అమ్ముతున్నాను.
"ఇంకొంచెం, ఇంకొంచెం" అంటారు తల్లులు,
ముక్కు నీడ చెరిగిపోయేదాకా.
బతికున్న పిల్లల్ని అలా తుడిచేస్తుంటే
ఇది ఆవిడ కాదని
ఏ పాణిగ్రాహీ ఒక్కనాడూ స్టూలు లాక్కుని కూర్చోలేదు.
మా చెల్లెలి ఫొటో కూడా నేనే తుడిచాను.

సంతరోజు బొమ్మ తీసుకోడానికి తల్లే వచ్చింది.
చాలాసేపు చూసింది.
"ఎవరిది? మా ఆడపడుచులా ఉంది."
"ఓడ నడుపుతుందట."
"వంశధారలోనా?"
"చుక్కల్లో."
ఏదో లెక్క వేసుకుంది.
"అంత పైన ఉప్పెక్కడ కొంటుంది?"

ఒకటి మాత్రం ఆ వానాకాలంలో తెలిసింది నాకు.
ఆ జుట్టుకి పసుపొక్కటీ చాలేది.
ఈ చామనఛాయ సరిగ్గా దిగాలంటే
నాలుగు సీసాలూ కావాలి,
ఒక్కటి తగ్గినా ముఖం రాదు.
ప్రింటరు ముక్కుతూ మూలుగుతూ
గడ్డం గీత దగ్గర ఆగి, మళ్ళీ కదిలి...
కాగితం ఇంకా తడిగా ఉంది,
వేలితో ముట్టకమ్మా, అన్నాను.
ముట్టింది.